ఓపీ చీటీలో కషాయం మాట కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మావారికి షుగర్ వచ్చి పదకొండేళ్లు. టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటారు. మొన్న వేసవిలో వాకింగ్‌లో కలిసిన ఒకాయన షుగర్‌కి మంచిదని చెప్తే పొడపత్రి ఆకు కషాయం మొదలుపెట్టారు. పరగడుపు షుగర్ తగ్గుతూ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఒక సంకష్టహర చతుర్థి నాడు ఉపవాసమని టిఫిన్ మానేశారు గానీ మాత్రా, కషాయమూ మానలేదు. పదిన్నరకు వంటింటి గుమ్మం దగ్గర కూలబడిపోయారు. చొక్కా చెమటతో ముద్దయిపోయింది. నన్ను పట్టుకుని "అమ్మా" అని పిలిచారు. మిషన్‌లో చూస్తే 46. డెబ్భై కంటే తగ్గినా ప్రమాదమే. పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి పరుగెత్తాం. ఈ రకం మాత్రతో షుగర్ మళ్లీ పడిపోవచ్చని ఆ రాత్రి అక్కడే ఉంచారు.

"మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే మావారు "లేదండి" అన్నారు. కషాయం సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో ఆకు మందే కాదు. పైగా అంతకుముందు ఇంకో డాక్టరు దగ్గర మెంతుల మాటెత్తితే, "అయితే అవే తినండి, నా దగ్గరికెందుకు?" అని కసురుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన ఏ డాక్టరుకీ ఏమీ చెప్పడం లేదు.

నేను ఆకులకు వ్యతిరేకిని కాను. మెంతులు షుగర్ మీద ఎలా పనిచేస్తాయో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశోధించారు. పొడపత్రి నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది, తీపే తెలియదు. నాలుక మీద తీపి పోయిందంటే ఒంట్లో చక్కెర కూడా పోయిందని నమ్మేస్తాం. ఆకుకి నిజంగా గుణముంటే మాత్రతో కలిసినప్పుడు షుగర్ ఇంకా పడిపోతుంది. గుణం లేకపోతే, దాన్ని నమ్మి మాత్ర మానేసినవాళ్ల గతేమిటి? ఇన్సులిన్ మీదున్నవాళ్లు మానేస్తే ప్రాణం మీదికే వస్తుంది. లేబుల్ లేని పొడులు ఇంకా భయం. మూలికల పేరుతో అమ్మినవాటిలో ఇంగ్లిష్ షుగర్ మాత్రల మందే బయటపడిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మధుమేహం నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా ఫోన్ తెరిస్తే అవే కనిపిస్తున్నాయి.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. వీళ్లలో కాకరరసమో, నేరేడు గింజల పొడో రుచి చూడనివాళ్లు మన నగరంలో ఎంతమంది ఉంటారు? ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి డాక్టరు చీటీలో మాత్రం ఉండదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసే చీటీ మీద ఒక గడి పెట్టండి: "ఆకులు, పొడులు, కషాయాలు, రసాలు ఏమైనా వాడుతున్నారా? రోజుకు ఎంత?" మందులు అని అడిగితే మావారిలాంటివాళ్లు లేదనే అంటారు కాబట్టి ఈ పేర్లతోనే అడగాలి. ఎర్రగడ్డ ఆయుర్వేద ఆసుపత్రిలోనూ, చార్మినార్ దగ్గరి యునానీ ఆసుపత్రిలోనూ "ఏ ఇంగ్లిష్ మాత్రలు వేసుకుంటున్నారు?" అన్న గడి ఉండాలి. అడిగే నర్సమ్మ కసురుకోకుండా అడగాలి.

మావారికి ఇప్పుడు మాత్ర డోసు డాక్టరుగారే తగ్గించారు. కషాయం ఆపించి, మెంతులు కూరలో వేసుకోమన్నారు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయిస్తున్నాం. ఆ రిపోర్టుతో పాటు ఆయన ఏమేం తింటున్నారో ఒక కాగితం మీద రాసి నేనే పట్టుకెళ్తున్నాను.

— విశ్రాంత ఉపాధ్యాయిని, నల్లకుంట, హైదరాబాద్