‘మా కుక్క చాలా మంచిది’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పెరట్లో కోళ్లను వదిలి పెంచుకునేవారికీ, పక్కింట్లో కుక్కను కట్టకుండా వదిలేసేవారికీ మధ్య వచ్చే తగాదా సాధారణంగా ఒకే మాట దగ్గర ఆగిపోతుంది: “మా కుక్క చాలా మంచిదండీ, ఎవరినీ ఏమీ అనదు.” ఈ మాట అబద్ధమని నేను అనను. మా పక్కింటి కుక్క నిజంగానే మంచిది. నన్ను చూస్తే తోక ఊపుతుంది, పసిపిల్లలు చెవులు లాగినా కిక్కురుమనదు. గత నెలలో ఒక మధ్యాహ్నం, నేను ఇంట్లో లేని అరగంటలో, మా పెరట్లో ఉన్న ఏడు కోళ్లలో మూడింటిని చంపింది కూడా అదే.

చంపిన వాటిలో ఒక్కదాన్నీ అది తినలేదు. నీళ్ల తొట్టి పక్కన ఒకటి, గూటి గుమ్మంలో ఒకటి, గోడవార ఒకటి పడి ఉన్నాయి. ఎర్రపెట్ట కట్టెల మోపు కింద దూరి చీకటి పడేదాకా చప్పుడు చేయలేదు. నల్లపెట్ట ఒంటిమీద రక్తపు చుక్క కూడా లేదు, తోక దగ్గర నాలుగు ఈకలు ఊడాయంతే, గండం తప్పిందనుకున్నాను. మూడో రోజున అది మేత ముట్టకపోతే రెక్క ఎత్తి, ఈకలు విడదీసి చూశాను. రెండు చిన్న కన్నాలు, వాటి చుట్టూ ఆకుపచ్చగా కమిలిన చర్మం, దుర్వాసన. అదీ దక్కలేదు. కుక్క కోర పైన చేసే కన్నం చిన్నదే అయినా లోపల కండ నలిగిపోతుంది, నోటిలోని సూక్ష్మజీవులు ఆ గాయంలోనే మిగిలిపోతాయి. కాబట్టి కుక్క నోట పడి బయటపడిన కోడిని, ఎంత హుషారుగా కనిపించినా సరే, వీపు, తోక మొదలు, రెక్కల కింది భాగం ఈకలు తప్పించి చూసి, గాయముంటే ఉప్పునీటితో కడిగి, మిగతావాటి నుంచి వేరు చేసి, అదే రోజు పశువైద్యునికి చూపించాలి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ పెట్ట బతికేదేమో.

“మేం దానికి కడుపునిండా పెడుతున్నాం, మీ కోళ్ల మీద దానికేం ఆశ?” అని కూడా ఆ ఇంటివారు అడిగారు. కుక్క కోడి వెంట పడటానికి ఆకలే కారణం కానక్కర్లేదు. వెతకడం, పొంచి ఉండటం, తరమడం, పట్టడం, చంపడం, తినడం అనే వేట వరుసలో కొన్ని మెట్లను మనుషులే తరతరాలుగా ఎంపిక చేసి పెంచారు, కొన్నింటిని తగ్గించారు. గొర్రెల మందను తోలే కుక్కలో పొంచడం, తరమడం బలంగా ఉండి, చంపే మెట్టు బాగా తగ్గి ఉండటం అలా వచ్చిందే. పరుగెత్తేది, రెక్కలు కొట్టుకునేది కంటపడితే చాలు, కడుపు నిండిన కుక్కలోనూ ఆ వరుస మొదలవుతుంది. ఒకటి కదలకుండా పడిపోగానే ఇంకొకటి పరుగెత్తుతుంది కనుక, వేట అక్కడితో ఆగదు. పాపం, కోళ్ల తెలివి కూడా ఇక్కడ వాటికే ఎదురు తిరుగుతుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా, నేల మీద శత్రువు కనిపిస్తే మరో రకంగా కూతపెట్టి అవి ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయి. గద్ద కూతకు నక్కి కూర్చుంటాయి, నేల మీది శత్రువును చూసి మెడ నిక్కించి గోల పెడతాయి, మీదికి వస్తే రెక్కలు కొట్టుకుంటూ చెదిరిపోతాయి. కుక్కను రెచ్చగొట్టేది సరిగ్గా ఆ గోలే, ఆ రెక్కల చప్పుడే.

నా తప్పు లేదని చెప్పుకోను. నేను కట్టుకున్నది ఆరు కోణాల కన్నులుండే పలుచటి కోళ్ల వల. అది కోళ్లను లోపల ఉంచడానికి పనికొస్తుందే తప్ప కుక్కను బయట ఆపలేదు, పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. ఇప్పుడు గూటి చుట్టూ అర అంగుళం కన్నుల గట్టి వెల్డింగ్ జాలీ వేయించాను. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది కాబట్టి, అదే జాలీని బయటి వైపు నేల మీద రెండు అడుగుల మేర పరిచి మేకులతో బిగించాను; గడ్డి పెరిగాక అది కనిపించదు కూడా. చుట్టూ కంచెను ఆరడుగులకు పెంచాను. కరెంటు వల వాడేవారు గడ్డి దానికి తగలకుండా ఎప్పటికప్పుడు కోస్తూ ఉండాలి, లేకపోతే షాక్ బలం తగ్గిపోతుంది. గోడ దాటకుండా ఒక రెక్క ఈకలు కత్తిరించమని సలహా ఇచ్చేవారున్నారు గానీ, కుక్క తిరిగేచోట అది కోడికి ఉన్న ఒక్క దారినీ మూసేయడమే. పొద్దు వాలగానే కోళ్లు వాటంతట అవే గూటికి చేరతాయి, తలుపు వేయడం మాత్రం మన పని. అది నేను ఎన్నోసార్లు మరిచిపోయాను.

అయితే ఈ కంచె ఖర్చంతా కోళ్లవారే భరించాలన్న వాదనను నేను ఒప్పుకోను. నా కోళ్లు ఆ రోజు నా గోడ లోపలే ఉన్నాయి, దూకి వచ్చింది కుక్క. (అవి రెండుసార్లు వాళ్ల పెరట్లోకి ఎగిరి మొక్కల పాదులు గీకిన మాట నిజమే, అప్పుడు క్షమాపణ అడిగి పాదులు నేనే సరిచేశాను.) కుక్కను విప్పేముందు తమ ప్రహరీలో సందులున్నాయేమో చూసుకోవడం, కోళ్లు తిరిగే వేళ గొలుసు వేయడం, పిలిస్తే తిరిగివచ్చేలా అలవాటు చేయడం యజమాని చేయవలసినవి. కోళ్లను కన్నెత్తి చూడకుండా తనవైపు తిరిగినప్పుడల్లా మెచ్చుకుంటూ, పట్టీ పట్టుకుని దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురావడం వల్ల చాలా కుక్కలు కుదుటపడతాయి, అయినా ఒంటరిగా మాత్రం వాటిని నమ్మకూడదు. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టమని ఒకాయన నాకు చెప్పారు. అది క్రూరత్వం, పైగా కుక్కకు దానివల్ల తెలిసేదేమీ లేదు. మరొకరు మందు పెట్టమన్నారు. విషం ఆ ఒక్క కుక్కనే వెతుక్కుంటూ పోదు. కాకులు, పిల్లులు, చివరికి నా కోళ్లే దాన్ని తినవచ్చు.

చచ్చిన కోళ్ల ఫొటోలు, గోడ మీది గోటి గీతల ఫొటోలు చూపించి, గొంతు పెంచకుండా మాట్లాడాక పక్కింటివారితో ఒక ఒప్పందం కుదిరింది. పగలు కుక్క కట్టు మీద ఉంటుంది. సాయంత్రం నేను గూటి తలుపు వేసి గోడ మీదుగా “వేశానండీ” అని చెప్పాకే దాన్ని విప్పుతారు. ఇది మొదలై పన్నెండు రోజులైంది, ఇంతవరకు ఇరువైపులా ఎవరమూ మాట తప్పలేదు. మిగిలిన మూడు పెట్టల్లో రెండు మళ్లీ గుడ్లు పెడుతున్నాయి. ఎర్రపెట్ట ఇంకా కట్టెల మోపు దగ్గరే తిరుగుతోంది.

ఇట్లు,
పెరటి కోళ్లు పెంచుకునే ఒక పాఠకురాలు