మరో రెండు కోరంటిలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ ముందు బారులు తీరిన జనం ఫొటో ఏటా పత్రికల్లో వస్తుంది. దాని కింద ‘కిటకిట’ అన్న మాట తప్పదు. ఆ జనం ఎక్కడి నుంచి వస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు. అది అడగడానికే ఈ ఉత్తరం.

నేను నలభై ఏళ్లకు పైగా విద్యానగర్‌లో ఉంటున్నాను. ఆ ఆసుపత్రికి సర్కారు కాగితాల్లో సర్ రోనాల్డ్ రాస్ పేరుతో బారెడు పేరుంది. మలేరియా దోమ గుట్టు 1897లో సికింద్రాబాదులోనే విప్పిన మనిషి కనుక ఆ గౌరవం సబబే. జనం నోట మాత్రం అది కోరంటి. ‘క్వారంటైన్’ నోరు తిరగక అలా అయింది. 2020లో దేశమంతా ఆ ఇంగ్లిషు మాట కొత్తగా నేర్చుకుంటుంటే మా పేటలో ఒక పెద్దావిడ ‘ఓస్, మన కోరంటే కదా’ అని తీసిపారేసింది.

ప్లేగు, గత్తర (కలరా) ఊళ్లను ఊడ్చేసిన రోజులవి. 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర మొదలైన ఈ దవాఖానా ఆ తర్వాత నల్లకుంటకు మారింది. అప్పటికి నల్లకుంట అంటే ఊరి బయటే. అంటు ఊళ్లోకి రాకూడదు, రోగి వైద్యానికి దూరం కాకూడదు అన్నదే లెక్క. తర్వాత అటు ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది, ఇటు విద్యానగర్, అడిక్‌మెట్, బాగ్ అంబర్‌పేట ఇళ్లతో నిండిపోయాయి. పేరుకు మూలమైన కుంట కనిపించకుండా పోయింది. దోమలు మాత్రం మిగిలాయి.

ఎనభైల్లో మా పక్కింటి తాపీ మేస్త్రి కాలికి మేకు గుచ్చుకుని ధనుర్వాతంతో అక్కడ చేరితే చూడబోయాను. గదిలో వెలుతురు లేదు. చెప్పులు చప్పుడవుతాయని నర్సమ్మ వాటిని గుమ్మం బయటే విప్పించింది. ఎవరో స్టీలు గ్లాసు కింద పడేస్తే ఆ మనిషి ఒళ్లంతా విల్లులా వంగిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం పుణ్యమా అని ధనుర్వాతం, కంఠసర్పి ఇప్పుడు బాగా తగ్గాయి. వాటి స్థానంలో డెంగీ, చికున్‌గన్యా వచ్చాయి. కుక్క కాటు ముదిరి రేబిస్ సోకిన వాళ్లను నేటికీ ఇక్కడికే తెస్తారు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది ఉప్పల్ నుంచి వస్తుంటే బస్సులో నా పక్కన ఒక తల్లి కూర్చుంది. ఒళ్లో ఆరేళ్ల బాబు. గవదబిళ్లలతో దవడలు ఉబ్బి ఉన్నాయి. గొంతు చుట్టూ ఆమె పాత చీర ముక్క కట్టి ఉంది. ఘట్‌కేసర్ దగ్గర ఎక్కారట, ఉప్పల్‌లో బస్సు మారారట. నిలబడటానికి చోటు లేని ఆ బస్సులో బాబు తలుపు పక్కన నిలుచున్న బడిపిల్లలకేసి చూసి దగ్గుతున్నాడు. ఆ తల్లిని తప్పుపట్టలేం. ఆమె చేయగలిగింది ఆమె చేసింది. కానీ అంటు ఊళ్లోకి రాకూడదని కట్టిన దవాఖానాకు చేరడానికి, అంటునే రెండు బస్సుల్లో ఊరంతా తిప్పాల్సి వస్తోంది. వందేళ్ల కిందటి ఆలోచన తలకిందులైంది.

బస్తీ దవాఖానాలు 2018 నుంచి వచ్చాయి. జ్వరానికి మందు ఇస్తారు, రక్త నమూనా తీసుకుంటారు. మంచి పనే, కాదనను. కానీ రోగిని విడిగా ఉంచాల్సి వస్తే అక్కడ మంచం ఉండదు కదా. మళ్లీ కోరంటికే.

2022లో గడ్డిఅన్నారం, అల్వాల్, ఎర్రగడ్డలలో వెయ్యేసి పడకల ఆసుపత్రులకు శంకుస్థాపన చేశారు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ స్థలమే ఇచ్చారు. మామిడికాయల వాసన పోయినందుకు నాకు కొంచెం దిగులే, అది వేరే కథ. ఆ ఆసుపత్రుల గురించి వినిపించేదంతా గుండె, కిడ్నీల మాటే. అంటువ్యాధులకు అక్కడ ఎన్ని పడకలు, దారి విడిగా ఉంటుందా అన్నది వైద్య ఆరోగ్య శాఖ చెప్పాలి. నగరం ఔటర్ రింగు రోడ్డు దాకా పెరిగింది. కాబట్టి ఘట్‌కేసర్ వైపు ఒకటి, ఇబ్రహీంపట్నం వైపు ఒకటి అంటువ్యాధుల ఆసుపత్రి పెట్టాలి. పెద్ద భవనాలు అక్కర్లేదు. ఇరవై ముప్పై పడకలు, విడి గేటు, రాత్రి పూట కూడా ఉండే ఒక వైద్యుడు చాలు. వచ్చే వానాకాలానికి ముందే పని మొదలైతే బాగుంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విద్యానగర్, హైదరాబాద్