పక్క సీటు సెన్సర్ పనికి ఇక మా పద్ధతి ఇదీ

మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

పక్క సీట్లో ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టుకోమని బీప్ మోగుతోందని, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదని ఈ మధ్య కార్లు బాగా వస్తున్నాయి. సీట్లో మనిషి ఉన్నాడో లేదో కనిపెట్టే ఆ సెన్సర్ పనికి సంబంధించి రెండు మార్పులు చేశాం. పార్టు మార్చినా మార్చకపోయినా చెక్ చేసినందుకు 500 రూపాయలు తీసుకుంటాం. సెన్సర్ తీసేసి ఆ చోట రెసిస్టర్ అనే చిన్న ముక్క పెట్టి లైటు ఆర్పేసే పని మాత్రం ఎవరడిగినా చేయం. రెండోది విని కొందరు మొహం మాడ్చుకుంటారని తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు 500 సంగతి. చాలామంది "సెన్సర్ పోయిందన్నా, కొత్తది వెయ్యి" అంటూనే కారు దిగుతారు. మేం చూసినంతలో నిజంగా సెన్సర్ పోయినవి తక్కువ. దాని దాకా వెళ్ళే వైరు, వైర్లను కలిపే కప్లర్, సీటు మీద బిగించిన కవరు, గొడవంతా ఎక్కువగా వీటితోనే. తప్పు దొరికాక చేసే పని చిన్నదే. దొరకబుచ్చుకోవడానికే ఒక పూట పోతుంది. పార్టు అమ్మితేనే నాలుగు డబ్బులు మిగులుతాయంటే ఏ మెకానిక్‌కైనా పార్టు మార్చేద్దామనే అనిపిస్తుంది, నాతో సహా. చెకింగ్‌కు విడిగా తీసుకుంటే ఆ యావ ఉండదు.

ఆ సెన్సర్ పెద్ద యంత్రమేమీ కాదు. సీటు గుడ్డకూ ఫోమ్‌కూ మధ్య పరిచిన పల్చటి ప్లాస్టిక్ షీటు. మనిషి కూర్చుంటే లోపలి పొరలు ఒత్తుకుని రెసిస్టెన్స్ (కరెంటుకు పడే అడ్డు) మారుతుంది, దాన్ని బట్టి సీటు నిండిందని మాడ్యూల్‌కు, అంటే కారులోని చిన్న కంప్యూటర్‌కు, తెలుస్తుంది. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లలో డ్రైవర్‌తో పాటు పక్క సీటుకూ బెల్టు రిమైండర్ తప్పనిసరి చేశారు. మన చిన్న కార్లలో ఈ షీటుకున్న పని చాలావరకు అదే. దానికి మనిషికీ మూటకీ తేడా తెలీదు. ముందు సీట్లో కర్నూలు సోనా బస్తా పెట్టి బండి తీస్తే బస్తాకూ బెల్టు పెట్టమంటుంది. దానికి రిపేరు అక్కర్లేదు, బస్తాను డిక్కీలో వేసుకోండి.

చెకింగ్ అంటే ఏం చేస్తామో కూడా చెప్తా. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్‌లో తప్పులు చెప్పే కోడ్లే చూపిస్తాయి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను చదవగలిగే స్కానర్ వేరు, మేం వాడేది అది. కోడ్ దొరికినా "ఈ సర్క్యూట్లో తేడా ఉంది" అన్నంత వరకే. ఎక్కడ తెగిందో చెప్పదు. అందుకని స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సర్ అప్పటికప్పుడు పంపే రీడింగ్) తెరిచి, మా కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, లేపి, ఖాళీ సీటును ముందుకూ వెనక్కూ జరిపి చూస్తాం. ఖాళీగా ఉన్నా మనిషి ఉన్నట్టే చూపిస్తుంటే మొదటి అనుమానం కవరు మీద. సీటు జరిపినప్పుడు మాత్రమే రీడింగ్ మారిపోతుంటే వైరు మీద.

కవరు అంటే తేలిగ్గా తీసుకోకండి. మందపాటి రెక్సిన్ కవరు బిగదీసి క్లిప్పులు కొడితే అదే షీటును నొక్కి పట్టుకుంటుంది. క్లిప్పులు వదులు చేయగానే బీప్ ఆగిపోయిన కార్లున్నాయి. కవర్లు కుట్టేవాళ్ళు నాకు స్నేహితులే, ఇది చదివి కోప్పడొద్దు. పనిలో పనిగా ఇంకో మాట: సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు ఆ వైపు విడిపోయేలా కుట్టిన కవరే వేయించుకోండి.

మొన్న నంద్యాల నుంచి ఒక కారు వచ్చింది. సీటు పూర్తిగా వెనక్కి జరిపితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. అప్పటికే ఇంకోచోట కొత్త సెన్సర్ వేయించారు, లైటు మళ్ళీ వచ్చింది. సీటు ఎత్తి చూస్తే కింద పల్లీల పొట్టు, పిల్లల పెన్సిల్ ముక్క, ఎండిన షాంపూ మరకలు. కప్లర్ విప్పితే ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. సీట్లు నీళ్ళు పోసి కడిగించారట. పిన్ను తుడిచినా పట్టు వదులుగానే ఉండడంతో కప్లర్ మార్చి, వైరు సీటు పట్టాల్లో పడకుండా కట్టాం. పాత సెన్సర్‌ను మీటరు పెట్టి చూస్తే బంగారంలా ఉంది. వాళ్ళ ముఖం చూడలేకపోయా.

సీటు కింద పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే దయచేసి మీరు పీకొద్దు. అవి ఎయిర్‌బ్యాగ్ లైన్లు. మేమైనా బ్యాటరీ నెగటివ్ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగాకే ముట్టుకుంటాం. మీటరు పెట్టేది సెన్సర్ షీటుకు మాత్రమే. ఎయిర్‌బ్యాగ్‌కు పెడితే మీటరు నుంచి వెళ్ళే కొద్దిపాటి కరెంటుకే అది పేలే ప్రమాదం ఉంది.

ఇక రెసిస్టర్. "అన్నా, రవంత ఆ కూత ఆపియ్యి, హైదరాబాదు దాకా పోవల్ల" అంటారు. షీటు తీసేసి ఆ చోట రెసిస్టర్ పెడితే సీటు ఎప్పుడూ ఖాళీయే అని మాడ్యూల్ నమ్ముతుంది. కొన్ని కార్లలో అదే సెన్సర్‌ను బట్టి పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరవాలా వద్దా అనేది తేలుతుంది. అలాంటి బండికి అబద్ధం చెబితే, గుద్దుకున్న రోజు ముందు కూర్చున్న మీ ఇంటావిడకు బ్యాగు తెరుచుకోదు. ఏ కారులో ఏ రకమో తెలిసినా ఈ పని నేను చేయను. బెల్టు చోట గుచ్చే డమ్మీ క్లిప్పులు కూడా మా దగ్గర అడగొద్దు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీల చేత వాటి అమ్మకం ఆపించింది. బెల్టు లేకుండా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194బి కింద 1,000 రూపాయల జరిమానా ఎలాగూ ఉంది.

మా వల్ల కానివీ ఉన్నాయి. బరువు తూచే రకం సెన్సర్లకు సీటు విప్పి బిగించాక ఖాళీ సీటును సున్నాగా లెక్కించేలా జీరో సెట్ చేయాలి, దానికి కంపెనీ టూల్ కావాలి. వాటిని షోరూంకే పంపిస్తాం. వారంటీలో ఉన్న బండినీ అంతే, మేం విప్పితే వారంటీ పోయిందంటారు. కొన్ని మోడళ్ళకు షీటు విడిగా దొరకదు, కుషన్‌తో కలిపే కొనాలి. అలాంటప్పుడు ధర ముందే చెప్పి, మీరు సరే అన్నాకే ఆర్డర్ పెడతాం.

ఈ పనికి వచ్చేవాళ్ళు పొద్దున్నే తెచ్చి సాయంత్రం దాకా వదిలేయండి. సీటు కింద సామాను తీసేసి తెండి. ఈ మధ్య సీట్లు కడిగించినా, కవర్లు మార్చినా తాళం ఇచ్చేటప్పుడే చెప్పండి.