ఆదివారం లాల్‌బాగ్ నడక, మన 'నిలవని' మనసు

అందరికీ నమస్కారం అండీ. ఈ ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి మన మైండ్‌ఫుల్‌నెస్ నడకకి బెంగళూరు లాల్‌బాగ్ బండ దగ్గర కలుద్దాం. మొదటి ఇరవై నిమిషాలు మాటల్లేవు, ఫోన్లు సైలెంట్.

పోయినసారి సగం మంది "మనసు నిలవట్లేదండీ, ఇది మా వల్ల కాదు" అన్నారు. నిలవదు మరి! మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఆలోచనలు ఆపెయ్యడం కాదు. మనసు ఎటో పోయిందని గమనించి, తిట్టుకోకుండా మళ్ళీ ఊపిరి మీదికి తెచ్చుకోవడం. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లూ తెచ్చుకోవాలి. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులో ఒక్క ఎండుద్రాక్షని చూసి, వాసన పట్టి, నెమ్మదిగా నమిలే సాధన ఉంది. మనకి ఫిల్టర్ కాఫీ చాలు లెండి.

మొన్న సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో ఉండగా మేనేజర్ నుంచి "రేపు మాట్లాడాలి" అని మెసేజ్. ఇంకేముంది, ఉద్యోగం పోయిందనుకున్నా. చూస్తే బ్యాగు పట్టీని గుప్పిట్లో నలిపేస్తున్నాను. 'పోలేదు, పోతుందేమోనన్న ఆలోచన వచ్చింది, అంతే' అనుకుని నిదానంగా ఊపిరి వదిలాను. వేళ్ళు వదులయ్యాయి. ట్రాఫిక్ మాత్రం కదల్లేదు.

ఒక మాట. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఇది ఒక్కటే చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

వచ్చేవాళ్ళు శనివారం రాత్రిలోగా చెప్పండి. టిఫిన్‌కి ఎంతమందో తెలియాలి కదా.