కిడ్నీ పేషెంట్ మాట తేడా వస్తే మందుల చార్ట్ కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. ఆమధ్య ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేర్పిస్తే సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పెట్టారు, జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం, కానీ నాలుగో రోజుకి మనిషి మారిపోయారు. రోజూ మీ పేపర్ చివరి పేజీ దాకా చదివే ఆయన హెడ్డింగ్ కూడా కూడబలుక్కోలేకపోయారు, మేం ఒకటి అడిగితే ఇంకోటి చెప్తున్నారు, చేతులు ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డట్టు ఎగురుతున్నాయి. వయసు అన్నారు ఒకరు, పక్షవాతమేమో అన్నారు ఇంకొకరు, స్కాన్ తీస్తే ఏమీ లేదు. చివరికి కిడ్నీ డాక్టర్ గారు వచ్చి మందుల చార్ట్ చూసి ఆ ఇంజెక్షన్ మార్పించి డయాలసిస్ చేయించారు. రెండు రోజులకి నన్ను పేరు పెట్టి పిలిచారు, ఆ పిలుపు వినగానే ఏడుపు ఆగలేదు నాకు.

ఇది అరుదే, కానీ కొత్త విషయమేం కాదు. ఈ మందు 85 శాతం దాకా మూత్రంలోనే బయటికి పోవాలి, కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పేరుకుపోయి మెదడు మీద పడుతుంది. కొందరికి ఒళ్లు కొట్టుకోకుండా లోపల్లోపలే ఫిట్స్ నడుస్తుంటాయి, పైకి చూస్తే మత్తుగా ఉన్నట్టే ఉంటుంది, మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీస్తేగానీ బయటపడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, అప్పటి కేసుల్లో ఎక్కువ మందికి కిడ్నీకి తగ్గట్టు డోస్ తగ్గించలేదట. తగ్గించినా కొందరికి వస్తుంది, అందుకే డోస్ సరిగ్గానే ఉంది కదా అని కొట్టిపారేయకూడదు. ఎర్టాపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌తో కూడా ఇలా అవుతుంది.

ఇది చదివి భయపడి ఎవరూ సొంతంగా మందు ఆపేయొద్దు, కిడ్నీ పేషెంట్‌కి ఇన్ఫెక్షన్ ముదిరితే ప్రాణం మీదకే వస్తుంది. నేను అనేది, కొత్త డాక్టర్ ఎవరు చూసినా డయాలసిస్ సంగతి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎంతుందో ముందే చెప్పండి, మందు మొదలైన కొన్ని రోజుల్లో మాట, నడక, నిద్ర తేడాగా అనిపిస్తే "ఇది యాంటీబయాటిక్ వల్ల కావచ్చా?" అని మొహమాటం లేకుండా అడగండి. రోజంతా పక్కన ఉండేది మనమే కాబట్టి ఆ తేడా ముందు తెలిసేది మనకే. మేం ఆ ప్రశ్న మొదటి రోజే అడగలేకపోయాం. మీ హెల్త్ పేజీలో కిడ్నీ డాక్టర్లతో దీని గురించి వివరంగా రాయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డయాలసిస్ పేషెంట్ కూతురు