తడి గడ్డి మీద బ్రేకు పట్టదు

సంపాదకులకు నమస్కారం.

చిన్న విమానం రన్‌వే దాటి కంచెలోకి దూసుకుపోయిందంటే మన పత్రికల్లో రెండే మాటలు కనిపిస్తాయి: ‘అదుపు తప్పింది’, ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’. బ్రిటన్‌లో పైలట్ శిక్షణ తీసుకునే మన పిల్లలకు గానీ, ఫీజు కట్టి పంపిన తల్లిదండ్రులకు గానీ వాటితో ఒరిగేదేమీ లేదు.

అక్కడి చిన్న ఏరోడ్రోములు చాలావాటిలో తారు రన్‌వే ఉండదు. గడ్డి కోసి, రోలర్ తిప్పిన నేలే రన్‌వే. ఆ గడ్డి తడిసిన రోజున బ్రేకులు చెడిపోవు. అవి చక్రాన్ని పట్టేస్తాయి, తిరగడం ఆగిన చక్రం జారుతుంది. చక్రం అలా పట్టేయకుండా చూసే ఏబీఎస్ కార్లలో ఉంటుంది గానీ ఈ శిక్షణ విమానాలకు ఉండదు. జారే చక్రం విమానాన్ని ఆపలేదు, దారి మళ్లించనూ లేదు. విమానం ఆగిన చోటు నుంచి వెనక్కి నడిస్తే గుర్తులు కనిపిస్తాయి. మట్టి లేచి ఉండదు. ఇస్త్రీ పెట్టినట్టు ఒరిగిన నున్నటి చారలుంటాయి, టైరుకు ఒక్కచోటే పచ్చటి పసరు అంటి ఉంటుంది.

లెక్క చూడండి. శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172ఎస్ పూర్తి బరువుతో, సముద్రమట్టం దగ్గర, గాలి లేనప్పుడు, 50 అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేదాకా 1335 అడుగులు, అంటే సుమారు 407 మీటర్లు చాలని దాని మాన్యువల్ చెబుతుంది. అది పొడి తారు మీద, సరిగ్గా 61 నాట్ల (గంటకు సుమారు 113 కిలోమీటర్ల) వేగంతో దిగినప్పటి మాట. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సూచనల ప్రకారం పొడి గడ్డికి 1.15తో, తడి గడ్డికి 1.35తో హెచ్చించాలి. వచ్చిన దాన్ని భద్రత కోసం మళ్లీ 1.43తో హెచ్చించాలి. పొడి గడ్డికి 669 మీటర్లు వస్తుంది, తడి గడ్డికి 786. అంటే 700 మీటర్ల గడ్డి రన్‌వే మీద మధ్యాహ్నం నిశ్చింతగా దిగిన విమానానికే మర్నాడు పొద్దున ఆ రన్‌వే చాలదు. వాన కురవక్కర్లేదు, మంచు పడితే చాలు. గడ్డిని మరీ పొట్టిగా కోసి ఉంటే ఇంకా జారుడు. దూరం 60 శాతం దాకా పెరగవచ్చని అదే సంస్థ హెచ్చరిస్తోంది. నున్నగా కోసిన రన్‌వే చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు.

దీనికి వేగం తోడైతే చెప్పక్కర్లేదు. 61కి బదులు 67 నాట్లతో వస్తే బ్రేకులు కరిగించాల్సిన శక్తి అయిదోవంతు పెరుగుతుంది. పైగా విమానం నేల తాకకుండా తేలుతూ పోతుంది, ఆ తేలినంత మేరా రన్‌వే వృథాయే. వెనకగాలి 5 నాట్లున్నా దూరం ఇంకో 20 శాతం పెరిగిందనుకోవాలి.

బయల్దేరే ముందు దిగబోయే ఏరోడ్రోముకు ఫోన్ చేసి రాత్రి వాన పడిందా, గడ్డి ఎప్పుడు కోశారు, మెత్తబడిన చోట్లు ఎక్కడ అని అడగాలి. రన్‌వేలో మొదటి మూడోవంతు లోపల చక్రాలు నేల తాకకపోతే మళ్లీ ఆలోచించకుండా పవర్ ఇచ్చి పైకి లేవాలి. తాకాక యోక్ (విమానాన్ని నడిపే పిడి) వెనక్కి పట్టి, బ్రేకు మెల్లగా నొక్కాలి. చక్రం జారితే వదిలి, మళ్లీ నొక్కాలి. సగం రన్‌వే జారాక లేపబోవడం మాత్రం ప్రాణాంతకం, ఎందుకంటే తడి గడ్డి మీద టేకాఫ్ దూరమూ 1.3 రెట్లవుతుంది. వేగం తగ్గాక కంచెను తాకితే విమానం పాడవుతుంది, పైలట్ సాధారణంగా దిగి నడిచి వస్తాడు. చెట్ల కొసలను తాకితే ఆ అవకాశం ఉండదు.

ఆ 1.43 భద్రతా గుణకం డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పే విమానాలకు తప్పనిసరి, సొంతంగా ఎగిరేవారికి గట్టి సిఫార్సు మాత్రమే. విద్యార్థి ఒంటరిగా ఎగిరే ప్రతి రోజూ దాన్ని తప్పనిసరి చేయాలి. లెక్క కాగితం మీద వేసి, శిక్షకుడు సంతకం పెట్టాకే తాళం చేతికివ్వాలి. పిల్లల్ని చేర్పించే ముందు తల్లిదండ్రులు స్కూలును ఈ కాగితం చూపించమని అడగాలి. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రమాద వార్త రాసేటప్పుడు రన్‌వే పొడవు, గడ్డి తడి, గాలి దిక్కు కనుక్కుని వేయాలని మనవి.

– ఒక విమాన శిక్షకుడు, బ్రిటన్