మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: సిగ్నల్ దగ్గరి పిల్లల సంగతి

సభ్యులందరికీ నమస్కారం. బోరు మరమ్మతు, పార్కు లైట్లు, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పట్లాగే జరిగాయి. లెక్కలు ఆఫీసు బోర్డుకి అంటించాం, చూసుకోండి. మిగతా నివేదికంతా మెయిన్ రోడ్డు సిగ్నల్ దగ్గర అడుక్కునే పిల్లల గురించే, ఎందుకంటే ఈ ఏడాది కమిటీ ఎక్కువ సమయం పెట్టిందీ, మీ నుంచి ఎక్కువ ఫిర్యాదులు వచ్చిందీ దాని మీదే.

"వాళ్లను అక్కణ్నించి పంపించెయ్యండి" అని పోయిన సర్వసభ్య సమావేశంలో చాలామంది అన్నారు. పంపిస్తే ఇంకో సిగ్నల్ దగ్గరికి పోతారు, అంతే. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సు ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తీసుకెళ్లారు. ఇప్పుడు సిగ్నళ్లు ఎలా ఉన్నాయో మీరు రోజూ చూస్తున్నారు. బిచ్చగాళ్లను రోడ్ల మీద లేకుండా చెయ్యమని 2021లో పిటిషన్ వేస్తే, ఇది పేదరికం వల్ల వచ్చిన సమస్య అంటూ సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు.

అందుకే ముందు ఆ కుటుంబాలతో మాట్లాడాం. పిల్లల వెనక ముఠా ఉందని కొందరు గట్టిగా నమ్మారు గానీ మేం మాట్లాడినంతవరకు అలాంటిదేమీ కనబడలేదు. ఎక్కువమంది కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస వచ్చినవాళ్లు, అక్కడ వానలు లేక పంట పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లు తాళమేసి వచ్చేస్తారు. పొద్దున కూలీల అడ్డా మీద పని కోసం నిలబడతారు, పని దొరికితే పెద్దపిల్ల చంటివాణ్ని చూసుకుంటుంది, దొరక్కపోతే అదే చంటివాణ్ని చంకనేసుకుని సిగ్నల్ దగ్గరికి వస్తుంది. మనం ఇచ్చే పదో ఇరవయ్యో జాలితోనే ఇస్తాం, కానీ ఆ డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగితే ఆ పిల్లని బడికి పంపమని తల్లిని ఒప్పించడం మరీ కష్టమవుతోంది. దయచేసి సిగ్నల్ దగ్గర చిల్లర ఇవ్వకండి, ఆ డబ్బు సంఘం నిధికి ఇవ్వండి.

అసలు చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. ఆధార్ లేదు, పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదు, టీసీ లేదని ఒక బడిలో చేర్చుకోనన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, పిల్లల వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఆ సెక్షన్లు ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే తప్ప పని కాలేదు. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం సమయంలో కొందరు చేరారు. మధ్యాహ్న భోజనం ఉండడం వల్ల చిన్నవాళ్లు బాగానే నిలబడ్డారు, కొందరు మాత్రం తల్లిదండ్రులతో ఊరికి వెళ్లిపోయారు.

పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది, దానికి దరఖాస్తులు పెట్టించాం. దానికీ ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా కావాలి, కూలి మానుకుని మీసేవ చుట్టూ తిరగాలంటే ఆ తల్లికి ఆ రోజు తిండి ఉండదు. అందుకే మన సభ్యులే తోడు వెళ్లి, ఆ రోజు కూలి డబ్బులు నిధి నుంచి ఇచ్చారు. కొందరికి ఇది నచ్చలేదు. ఈ ఏడాది మనం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా సరైనది ఇదేనని కమిటీ అభిప్రాయం.

పిల్లలు మత్తుగా పడి ఉన్నా, దెబ్బలతో కనిపించినా, ఎవరో పెద్దవాళ్లు దూరం నుంచి కాపలా కాస్తున్నారనిపించినా వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లలతో అడుక్కునే పని చేయిస్తే 2015 బాల న్యాయ చట్టం 76వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. మీరు స్వయంగా గొడవకి దిగకండి, పిల్లల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టకండి.

వచ్చే ఏడాది అడ్డా దగ్గర చంటిపిల్లల్ని ఉంచడానికి ఒక గది అద్దెకి తీసుకోవాలని ప్రతిపాదన. చూసుకునే మనిషి దొరికితే పెద్దపిల్లలు బడికి వెళ్లగలరు. అద్దె, ఆయా జీతం అంచనా సమావేశంలో మీ ముందు పెడతాం, తీర్మానం పెట్టి ఓటింగ్ జరుపుతాం, తప్పకుండా రండి.

ఇట్లు,
కమిటీ తరఫున, కార్యదర్శి